కవితలో లేని మేక

షాబాను 18, మంగళవారం

యసార్ బట్టలు పంపించాను. తీసుకున్నారు. మనిషిని చూపించలేదు.

నిన్న సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక వాడు మిర్బద్ సంతలో పద్యం చదివాడట. ఒంటెల బేరం జరిగే చోటే కవుల పందాలూ జరుగుతాయి. జనం నవ్వారట. ఆ నవ్వు ఆగకముందే అమీరు గారి మనుషులు వచ్చి వాడి చేతులు కట్టారట. పద్యంలో ఏముందని అడిగితే పక్కింటి ఆడవాళ్ళు పిల్లల ముక్కులు తుడుస్తూ కూర్చున్నారు.

ఆయన పొద్దుటి నుంచీ మగ్గం ముందే ఉన్నారు. ఒక్క పోగు కూడా దాటించలేదు.

ఈ కాగితాలు యసార్ తెచ్చినవే. "అమ్మా, నువ్వు దేవుడికి కూడా మెల్లగానే చెప్పుకుంటావు. రాసిపెట్టు. వినపడకపోతే చదువుకుంటాడు" అన్నాడు. తప్పు, అలా అనకూడదని మందలించాను. ఇవాళ రాస్తున్నాను.

యా అల్లా, నా బిడ్డ.

షాబాను 19, బుధవారం

పద్యం ఏమిటో తెలిసింది. ఎవరూ చెప్పలేదు, కాలవ గట్టున పిల్లలు పాడుకుంటున్నారు.

ఉడుము తోకను పంచుకున్నోళ్ళు ఊరికి మాకు పెద్దలట
చెప్పువారును ఉడకబెట్టి చారు కాచిన అవ్వ బిడ్డలట

ముందు ఇంకా చాలా ఉంది. పారశీక కిస్రా రాజుల సింహాసనాలు, పట్టు పరుపులు, నీళ్ళు చిమ్మే తోటలు. అరబ్బులు ఎడారిలో గాలి మెక్కుతున్న రోజుల్లో పారశీకులు వెండి పళ్ళేల్లో తిన్నారని.

ఆయన్ని అడిగాను. "మీ వాళ్ళు వెండి పళ్ళేల్లో తిన్నారా?"

"మా తాతకి తాత కిస్రా గారి గాడిదలకి గడ్డి వేసేవాడని చెప్పుకునేవాళ్ళు. ఆ గాడిదలు వేటిలో తిన్నాయో మాత్రం తెలీదు" అన్నారు. తెగిన పోగు ఒకటి ముడివేసి, "పద్యం మాత్రం బాగా కట్టాడు" అన్నారు. ఆ ముడిని వేలితో సవరిస్తూ, "లుబాబా, వీడికి నా భాషలో ఉప్పు అడగడం కూడా రాదు. మా గొప్పలన్నీ మీ భాషలో చెప్పాడు. అదీ నీ ఒళ్ళో నేర్చుకున్న భాష" అన్నారు.

మొదలుపెట్టింది యసార్ కాదు. పోయిన నెల మా తెగ కవి జుందుబ్ అదే సంతలో నా మీద కట్టాడు.

అన్నం లేక అమ్మారా, వరుడు లేక అమ్మారా
అరబ్బు పిల్లను నేతగాడికి గజం గుడ్డకు అమ్మారా

నన్ను ఎవరూ అమ్మలేదు. వెనక వరసలో నిలబడి నమాజు చేసే ఒక నేతగాడిని నాన్నగారు చాలాకాలం గమనించారు. భయభక్తులున్నవాడే దేవుడి దగ్గర గొప్పవాడు అని నన్నిచ్చి చేశారు. మాహాన్ అనే పేరు మా ఇంట్లో ఎవరి నోరూ తిరగలేదు. అన్నయ్య హన్జలా పెళ్ళికి రాలేదు. ఇన్నేళ్ళయినా ఆయన్ని ఒక్కసారి బావా అని పిలవలేదు. "ఆ నేతగాడు" అంటాడు.

జుందుబ్ మాటలు నేను పడ్డాను. పడటం నాకు అలవాటే. యసార్ పడలేకపోయాడు.

పద్యంలో మిగతాదంతా వాడిదే. ఆ చెప్పువారు పాదం మాత్రం వాడిది కాదు. సంతలో ఎవడో కలిపి ఉంటాడు. కరువులో కాలి చెప్పుల తోలు వారులు ఉడకబెట్టుకున్నవాళ్ళు ఎందరు లేరు.

షాబాను 20, గురువారం

అమీరు గారి గుమాస్తా ఆయన్ని పిలిచి చెప్పాడు. అరబ్బుల్ని తిట్టినవాడు అరబ్బు భాషని తిట్టినట్టు, ఆ భాషని తిట్టినవాడు అల్లా మాటని తిట్టినట్టు. కాబట్టి యసార్ మతం తప్పినవాడట. రంజాను మొదటి శుక్రవారం పెద్ద మసీదు ముందు కొరడా దెబ్బలు. పోయిన ఏడు ఇదే నేరానికి ఒకణ్ణి కొట్టారు. దెబ్బలు సగమైనా పూర్తికాకముందే ప్రాణం పోయింది.

తప్పించుకోవడానికి ఒక దారి ఉంది. మా పెళ్ళినాటి నుంచి ఆయన కుటుంబం మా తెగ అండలో ఉంది. ఆ తెగ పెద్ద, తెగ పేరున పడ్డ ఫిర్యాదు వెనక్కి తీసుకుని, కుర్రాడు ముస్లిమే, నా మనిషే అని అందరి ముందూ తన పైవస్త్రం వాడి మీద కప్పాలి. అలా చేస్తే వదిలేస్తారు.

తెగ పెద్ద మా అన్నయ్య.

మధ్యాహ్నం వెళ్ళాను. వదిన గుమ్మంలోనే నిలబెట్టింది.

"వచ్చావా అమ్మా. పద్యం పాడుకుంటూ వస్తావేమో అనుకున్నా."

"వదినా, ఒక్కసారి అన్నయ్యని పిలువు."

"ఉడుము తోక కోసుకుంటున్నారు. అయ్యాక వస్తారు."

అన్నయ్య వచ్చాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది. నా మొహం చూడకుండా గడప వైపు చూస్తూ మాట్లాడాడు.

"మన అమ్మ చెప్పువారు ఉడకబెట్టిందని ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు. నేనెవరికీ చెప్పలేదు."

"ఆ పాదం వాడిది కాదన్నయ్యా."

"అబద్ధం కూడా ఎంత మెల్లగా చెప్తావే."

"అన్నయ్యా..."

"జనం నవ్వినప్పుడు నేనక్కడే ఉన్నాను లుబాబా. ఒంటె బేరం చేస్తున్నాను. నా పక్కన నిలబడ్డవాడు నవ్వాడు. ఏమైంది పెద్దాయనా, అట్లా అయిపోయారేంటి అని నన్నే అడిగాడు. ఏం చెప్పను? ఆ అవ్వ మా అమ్మేనని చెప్పనా?"

తలుపు వేసుకున్నాడు. గట్టిగా కూడా వేయలేదు. గట్టిగా వేసి ఉంటే కొంచెం నయంగా ఉండేది.

షాబాను 21, శుక్రవారం

ఆ పాదం వాడిది కాదు.

షాబాను 23, ఆదివారం

యసార్‌ని చూడనిచ్చారు. ఖర్జూరాలు, బార్లీ రొట్టె పట్టుకెళ్ళాను. కాపలావాడు సగం రొట్టె విరిచి నోట్లో వేసుకుని, "విషం లేదులే" అన్నాడు.

పెదవి చిట్లింది. కింద గడ్డి తడిగా ఉంది. నన్ను చూడగానే నవ్వాడు. చిన్నప్పుడు ఖురాను అప్పజెప్పి మెచ్చుకోలు కోసం నా మొహంలోకి చూసేవాడే, అదే నవ్వు.

"జుందుబ్ మొహం చూడాల్సిందమ్మా. నీళ్ళలో పడ్డ పిల్లిలా అయిపోయాడు."

"నమాజు చేస్తున్నావా?"

"చేస్తున్నాను. ఇక్కడ ఎవరూ చూడట్లేదు కాబట్టి లెక్కకి రాదంట."

"నన్ననుకున్నా పర్వాలేదని చెప్పాను కదరా. ఎందుకు కట్టావు?"

"నీకు పర్వాలేదు. నాకుంది. నాన్న మీ వాళ్ళ వెనక నిలబడి నమాజు చేస్తాడు, వీధిలో ఎదురైతే పక్కకి తప్పుకుంటాడు, నువ్వు తల వంచుకుంటావు. ఈ ఇంట్లో ఒక్కళ్ళయినా నోరు తెరవాలా వద్దా? నేత వీధి వాళ్ళందరూ రోజూ గోడ అవతల నిలబడి నా పేరు పిలుస్తున్నారు, తెలుసా? పుట్టి ఇన్నేళ్ళకి వాళ్ళు తల ఎత్తి నడుస్తున్నారమ్మా."

"మీ మామయ్య మనసు..."

"చెప్పువారు దగ్గరికి వచ్చేసరికి ఒంటెల వాళ్ళు కూడా..."

అప్పుడే కాపలావాడు కర్ర చప్పుడు చేశాడు. తర్వాత యసార్ అన్నది నాకు సరిగా వినపడలేదు. అక్కడ రొద ఎక్కువ.

షాబాను 24, సోమవారం

ఆయన నాకు చెప్పకుండా అన్నయ్య దగ్గరికి వెళ్ళారు. నేసిన వాటిల్లో మంచి దుప్పటి ఒకటి చంకన పెట్టుకుని వెళ్ళారు. సాయంత్రం దుప్పటితోనే తిరిగొచ్చారు.

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. ఎండలో నిలబెట్టారు. అన్నీ బాగానే అమిరాయి, నీడ ఒక్కటే లేదు." కాళ్ళు కడుక్కున్నారు. "మీ వదిన పనిపిల్ల మాత్రం మంచిది. తాతా, నీళ్ళు తాగుతావా అంది. తాతా అందే! అంత ముసలాణ్ణయిపోయానా?"

నన్ను నవ్వించాలని చూశారు. నవ్వాను.

రాత్రి ఇషా నమాజుకి ఎప్పటిలాగే వెళ్ళారు. పెద్ద మసీదులో ఇమాము గొంతు వెనక వరసల్లోని నేతవాళ్ళకి అందదు. ఇమాము అన్నది ఎవరో ఒకరు వెనక వరసల మొదట్లో నిలబడి గట్టిగా తిరిగి అనాలి. మా పెళ్ళికి ముందు నుంచీ ఆ పని ఆయనదే. అరబ్బు భాషలోని గొంతు లోపలి అక్షరాలు ఆయనకి పలకవు. ముందు వరస కుర్రాళ్ళు నమాజు అయ్యాక వాటిని అనుకరించి నవ్వుకుంటారు. ఆయనకి తెలుసు. మానలేదు.

ఇవాళ కూడా వెళ్ళారు. ఇంటి మేడ మీద నుంచి ఆయన గొంతు విన్నాను.

షాబాను 26, బుధవారం

ఇక రాయకపోతే నాకు ఊపిరాడదు. ఆ పాదం వాడిదే.

నేను చెప్పిందే వాడు కట్టాడు. వాడికి ఆరేళ్ళప్పుడు, జ్వరంలో నిద్రపట్టకపోతే పక్కన కూర్చుని చెప్పాను. ఆ కరువప్పుడు నాకూ అంతే వయసు. రెండేళ్ళు వాన లేదు. నాన్న మంద తోలుకుని నీళ్ళ కోసం పోయి ఇంకా తిరిగి రాలేదు. డేరాలో అమ్మ, అన్నయ్య, నేను, ఒక మేక. ఆ మేక పాలే మాకు తిండి. అన్నయ్య దానికి పేరు పెట్టుకుని పక్కలో పడుకోబెట్టుకునేవాడు.

ఒక సాయంత్రం దారి తప్పిన మనిషి వచ్చాడు. మా భాష రాదు. ఎక్కడివాడో తెలీదు. పెదాలు పగిలి నెత్తురు కారుతోంది. అమ్మ అతన్ని చూసింది, మమ్మల్ని చూసింది, కత్తి తీసింది. అన్నయ్య కాళ్ళు పట్టుకున్నాడు, మేకవి. ఏడుస్తూనే పట్టుకున్నాడు. అతిథికి మాంసం వడ్డించింది. దారిలోకి మిగతాది మూటకట్టి ఇచ్చింది. మాకు మిగలనివ్వలేదు. "ఇంటికొచ్చినవాడి ముందు లెక్క చూసుకోకూడదు" అంది. అతను చెయ్యి గుండె మీద పెట్టుకుని ఏదో అన్నాడు, మాకు అర్థం కాలేదు, వెళ్ళిపోయాడు.

మర్నాడు అమ్మ తన చెప్పులు విప్పి వారులు ఉడకబెట్టింది. మూడో రోజుకి నాన్న వచ్చేదాకా మేం తాగింది ఆ నీళ్ళే.

ఇదంతా చెప్పాను. ఏదీ దాచలేదు. జ్వరం ఒళ్ళుతో లేచి కూర్చుని, "అవ్వ రాణి కదమ్మా" అన్నాడు.

పద్యంలో వారులు ఉన్నాయి. మేక లేదు.

మర్చిపోయాడని అనుకుందామంటే వాడు ఏదీ మర్చిపోడు.

షాబాను 28, శుక్రవారం

వచ్చే శుక్రవారం.

వేరే దారి ఒకటి ఉందని నాకు మొదటి నుంచీ తెలుసు. దాన్ని తలుచుకోకూడదని ప్రార్థిస్తున్నాను.

మా వాళ్ళలో పాత ఆచారం. దిక్కులేనివాడు పెద్దమనిషి సమాధి దగ్గరికి పోయి, పైన గుడ్డ కట్టుకుని, ఈ సమాధిని శరణు పొందాను అని కూర్చుంటాడు. అక్కడి గులకరాళ్ళు కొంగున కట్టుకుంటాడు. ఆ పెద్దమనిషి పిల్లలు వచ్చి అతని కష్టం తమ నెత్తిన వేసుకోవాలి. వేసుకోకపోతే ఆ ఇంటి పేరు మట్టిలో కలిసినట్టే. నా చిన్నప్పుడు తాతగారి సమాధి దగ్గర ఎవరో ఒకరు ఎప్పుడూ ఉండేవాళ్ళు.

అది సరైంది కాదు. అడిగితే దేవుణ్ణి అడగాలి, చచ్చిపోయినవాళ్ళని కాదు. మా ఇంటికి ఖురాను నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలకి ఈ మాట నేనే చెప్పాను.

యా అల్లా, నేను నిన్నే అడుగుతున్నాను. అక్కడ కూర్చుని నిన్నే అడుగుతాను. అన్నయ్యకి మాత్రం వేరేగా అర్థమైతే కానివ్వు. ఇది మోసమైతే ఆ శిక్ష నాకు వెయ్యి, వాడికి వద్దు.

రంజాను 1, ఆదివారం

వెళ్ళాను. నాన్నగారి సమాధి దగ్గరికి కాదు, అమ్మ సమాధి దగ్గరికి. తిట్టు పడింది ఆవిడకి. క్షమించాల్సింది కూడా ఆవిడే.

ఆయన వచ్చి నాలుగు వెదురుకర్రలు పాతి, అన్నయ్య తీసుకోని దుప్పటే పైన కట్టారు. ఎర్ర చారల దుప్పటి. దూరం నుంచి పెళ్ళిపందిరిలా కనిపిస్తుందని నాకు సిగ్గేసింది.

సమాధులు తవ్వే ముసలాయన వచ్చి చూసి, "తల్లీ, ఆడవాళ్ళ సమాధికి శరణు ఉండదు. ఎప్పుడూ వినలేదు" అన్నాడు.

"నేనూ వినలేదు" అన్నాను.

రంజాను 2

ఎండ. ఉపవాసం. ఎవరూ రాలేదు.

రంజాను 3, మంగళవారం

జుందుబ్ ఇద్దరు స్నేహితులతో వచ్చి అటుగా పచార్లు చేశాడు. "నేతగాడి గుడ్డ కింద అరబ్బు సమాధి. దీని మీద కూడా కట్టొచ్చు" అన్నాడు. ఆ స్నేహితులు నవ్వలేదు. ఒకడు అతని మోచెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు.

సూర్యుడు దిగేవేళకి వదిన వచ్చింది, తల మీద కుండతో. నీళ్ళు పోసింది, ఖర్జూరాలు పెట్టింది. నేను తింటుంటే చూస్తూ కూర్చుంది.

"ఊళ్ళో ఆడవాళ్ళంతా అడుగుతున్నారు, మీ ఆడబిడ్డ మగవాళ్ళ సమాధులు వదిలేసి అత్తగారి సమాధి దగ్గర కూర్చుందేమని. ఏం చెప్పను?"

"మేక సంగతి నీకు తెలుసా వదినా?"

"ఏ మేక?"

అన్నయ్య ఆవిడకి కూడా చెప్పలేదు. చెప్పాను. విన్నాక లేచి కుండ తీసుకుని, కొంచెం దూరం పోయి మళ్ళీ వచ్చి, "ఇన్నేళ్ళ నుంచి ఆ మనిషి మేకమాంసం ముట్టడు. అరగదు అంటాడు" అంది. వెళ్ళిపోయింది.

రంజాను 4, బుధవారం

అన్నయ్య వచ్చాడు.

దుప్పటి కిందకి రాలేదు. ఎండలోనే నిలబడ్డాడు. "ఆడదాని సమాధి దగ్గర శరణు ఏంటే? నన్ను ఊరందరి ముందూ..."

"ఆ రోజు అతిథికి అన్నం పెట్టింది ఎవరన్నయ్యా? నాన్న ఇంట్లో లేడు."

సమాధి తల వైపు రాయి కేసి చూశాడు.

"ఆ రోజు డేరాకి పెద్ద ఎవరు?"

కూర్చున్నాడు, దుప్పటి నీడ బయటే. సమాధి మీది ఇసక అరచేత్తో సర్దాడు. "నేను కాళ్ళు పట్టుకున్నాను" అన్నాడు. "అది నా వైపే చూసింది."

"తెలుసు."

"ఆ అతిథి ఎవడో, ఎక్కడివాడో. మన మాట కూడా రాదు వాడికి. అలాంటివాడి కోసం. నేను అమ్మని ఏడాది దాకా క్షమించలేదు, తెలుసా నీకు? ఆ తర్వాత ఆవిణ్ణి మించిన మనిషిని చూడలేదు. అలాంటి ఆవిడ ఇవాళ సంతలో నవ్వులాట."

కొంగు విప్పి గులకరాళ్ళు చూపించాను. చూశాడు. చెయ్యి చాపలేదు.

"నీ కొడుకు సగం చెప్పాడు. మిగతా సగం చెప్పమను. శుక్రవారం, మసీదు ముందు, అదే జనం ముందు. చెబితే నా పైవస్త్రం కప్పుతాను. చెప్పకపోతే నేను కప్పలేను లుబాబా. కప్పితే ఆ నవ్వు నేను కూడా నవ్వినట్టే."

అప్పుడు రాళ్ళు తీసుకున్నాడు.

యా అల్లా, నీకు కృతజ్ఞతలు. ఎంత చిన్న పని. నాలుగు పాదాలు, వాడికి చిటికెలో పని.

రంజాను 5, గురువారం

చెప్పనన్నాడు.

"అది ఓడిపోవడమమ్మా."

"నిజం చెప్పడం ఓడిపోవడమా?"

"పందెంలో, అవును. మీ వాళ్ళ గొప్ప నా నోటితో చెప్పిస్తున్నాడు మామయ్య. రేపటి నుంచి నేత వీధిలో మళ్ళీ అందరూ గోడవార నడుస్తారు. వాళ్ళకి ఏం చెప్పను, దెబ్బలకి భయపడ్డానని చెప్పనా?"

"నీకు మేక గుర్తుందా?"

తల దించుకున్నాడు. గోడ అవతల ఎవరో వాడి పేరు పిలిచారు.

"గుర్తుంది. పెడితే పాదం చచ్చిపోయేది" అన్నాడు.

నేను వాణ్ణి కొట్టలేదు ఎప్పుడూ. ఇవాళ కొట్టాలనిపించింది. ఊచల మధ్య నుంచి చెయ్యి పెడితే వాడు దాన్ని పట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు. నుదురు కాలిపోతోంది. జ్వరం.

ఇంటికొచ్చి ఆయనకి చెప్పాను. "మీ మాటయినా వింటాడేమో వెళ్ళి చెప్పండి" అన్నాను.

"వెళ్ళొచ్చాను" అన్నారు. "నాన్నా, నువ్వు పక్కకి తప్పుకోకుండా ఉండాలనే కదా ఇదంతా, అని అడిగాడు. లేచి వచ్చేశాను."

రంజాను 6, శుక్రవారం, పొద్దున

ఆయన కుట్టని తెల్లగుడ్డ తీస్తున్నారు. ఎందుకని నేను అడగలేదు.

రంజాను 7, శనివారం

నిన్న రాయలేకపోయాను.

నమాజు అయ్యాక వాణ్ణి తీసుకొచ్చారు. చొక్కా లేదు. వీపు చూశాను, ఇంకా చిన్నపిల్లాడి వీపులాగే ఉంది. ఒకవైపు మా తెగ మగవాళ్ళు, ఇంకోవైపు నేతవాళ్ళు. గుమాస్తా అడిగాడు, "తెగ పెద్ద ఉన్నాడా?" అన్నయ్య ముందుకొచ్చాడు. పైవస్త్రం భుజం మీదే ఉంది. యసార్ వైపు చూసి ఎదురుచూశాడు. ఊరంతా ఎదురుచూసింది.

యసార్ పెదవి కొరుక్కుని నిలబడ్డాడు. కొరడావాడు చేతికి గుడ్డ చుట్టుకున్నాడు.

నేను ఆడవాళ్ళలోంచి ఎప్పుడు బయటికొచ్చానో తెలీదు. అన్నయ్య ముందు నిలబడి ఉన్నాను. "మిగతా సగం నేను చెప్తాను" అన్నాను.

"గట్టిగా చెప్పమ్మా, వినపడట్లేదు" అన్నాడు ఎవరో. నవ్వారు. నాకు గొంతు లేదు. ఎప్పుడూ లేదు. "రెండేళ్ళు వాన లేదు" అన్నాను. నాకే వినపడలేదు.

వెనక నుంచి ఆయన గొంతు లేచింది. వెనక వరసలకి నమాజు అందించే గొంతు. "రెండేళ్ళు వాన లేదు."

మళ్ళీ నవ్వారు, ఆ పలకని అక్షరాలకి. నేను రెండో మాట చెప్పాను. ఆయన అందుకున్నారు. డేరాలో ఒక మేక. ఆయన అందుకున్నారు. మా భాష రాని అతిథి. అది చెప్పేటప్పుడు ఆయన ఒక్క క్షణం ఆగారు. తర్వాత ఇంకా గట్టిగా అన్నారు. "మా అమ్మ" అని నేనంటే ఆయన కూడా "మా అమ్మ" అనే అన్నారు. నా మాట మార్చలేదు. ఒక నేతగాడు ఎడారి అవ్వని మా అమ్మ అంటుంటే మా తెగ మగవాళ్ళు విన్నారు. చెప్పువారు దగ్గరికొచ్చేసరికి ఎవరూ నవ్వలేదు.

అయిపోయింది. గుమాస్తా దగ్గాడు. అన్నయ్య కదల్లేదు. కదలడు అనుకున్నాను. నేను చెప్పడం వాడు చెప్పినట్టు కాదు అనుకున్నాను.

అన్నయ్య పైవస్త్రం తీసి యసార్ తల మీదుగా కప్పాడు. "నా మనిషి. నమాజు చేస్తాడు. నేను చూశాను" అన్నాడు. అన్నయ్య చూస్తుండగా వాడు ఎప్పుడూ నమాజు చేయలేదు. అన్నయ్య రంజానులో, మసీదు ముందు అబద్ధం చెప్పాడు. మా వంశంలో మెల్లగా చెప్పని అబద్ధం అదొక్కటే.

పోయేటప్పుడు ఆయన పక్కన ఆగాడు. "గొంతు బాగుంది బావా" అన్నాడు.

రంజాను 9

యసార్ నాతో మాట్లాడటం లేదు. జ్వరం తగ్గింది. అన్నం పెడితే తింటాడు. నేత వీధిలో కొందరు వాణ్ణి చూసి మొహం తిప్పుకున్నారట. "అమ్మ కొంగు కింద నుంచి బయటపడ్డ వీరుడు" అన్నారట.

"నన్ను చావనివ్వాల్సింది" అని వాళ్ళ నాన్నతో అన్నాడు. నేను గోడకి ఇవతల ఉన్నానని తెలుసు వాడికి.

"మగ్గం పని నేర్చుకో. నీ వీపుకి అదే మంచిది" అన్నారు ఆయన.

రంజాను 12, గురువారం

కాలవ గట్టున పిల్లలు ఇవాళ కూడా పాడుతున్నారు. చెప్పువారు, చారు, అవ్వ. మేక మాట ఎవరూ పాడరు. నేను చెప్పినదానికి తాళం లేదు. తాళం లేనిది నోట్లో నిలవదు. నిజం ఒక్క మధ్యాహ్నం బతికింది. తిట్టు నా తర్వాత కూడా బతుకుతుంది. మా అమ్మ వాళ్ళ నోళ్ళలో రోజూ ఆకలితోనే ఉంటుంది.

ఆడపిల్లలు పాఠానికి వచ్చారు. సమాధి దగ్గర అడగొచ్చా అమ్మా అని ఒకమ్మాయి అడిగింది. తప్పు అన్నాను. అమ్మాయి నా వంకే చూసింది. నేను ఖురాను తెరిచాను.

మధ్యాహ్నం యసార్ మగ్గం దగ్గర కూర్చున్నాడు. పిల్లల పాట లోపలికి వస్తోంది. ఒకసారి విన్నాడు, రెండోసారి విన్నాడు. లేచి వాకిట్లోకి వెళ్తాడు, వాళ్ళతో కలిసి నవ్వుతాడు అనుకున్నాను. వెళ్ళలేదు. చాలా రోజుల తర్వాత నా వైపు తిరిగాడు.

"మామయ్య ఆ మేకకి ఏం పేరు పెట్టుకున్నాడు?"

చెప్పాను. పెదాలు కదిపి ఆ పేరు రెండు మూడు సార్లు అనుకున్నాడు. తర్వాత వేళ్ళతో మగ్గం చెక్క మీద కొట్టడం మొదలుపెట్టాడు, మెల్లగా, ఆగి ఆగి. పద్యం కట్టేటప్పుడు వాడి అలవాటు అది.

ఎవరి మీద అని నేను అడగలేదు. నాకు భయం.

యా అల్లా, ఈసారి వాడి చేత మొత్తం చెప్పించు.